బోర్లించిన గిన్నె

తోట కూలీల సంఘం అధ్యక్ష పదవికి కూర్మయ్య పేరు తప్ప ఇంకో పేరు రాలేదు. వస్తుందని ఎవరూ అనుకోలేదు కూడా. 1956లో, మలయాలో సుంగై సిపుట్ ఊరి దగ్గరి రబ్బరు తోటలో, అడవిలో దాక్కున్న కమ్యూనిస్టుల మీద తెల్లదొరల ఎమర్జెన్సీ నడుస్తుండగా, సంఘానికి పెద్దగా నిలబడాలని ఎవరికి సరదా? అంతకుముందు అధ్యక్షుడైన అప్పలసామిని పోలీసులు పట్టుకెళ్లి నాలుగేళ్లయింది.

"పోటీ లేదు గదా, ఏకగ్రీవం అని రాసేస్తాను లా," అన్నాడు సంఘం గుమాస్తా జయరామ్, మలయావాళ్ల అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

కూర్మయ్యకు ఆ మాట మింగుడుపడలేదు. అడవిలోవాళ్లకు అప్పలసామి బియ్యం మోశాడని పోలీసులు చెప్పిన రోజున, ఆ మనిషి పొద్దంతా ఇపో పట్నంలో సంఘం మీటింగులో తన పక్కనే కూర్చున్నాడు. అది తెలిసీ కూర్మయ్య నోరు మెదపలేదు. పిల్లలు గలవాడినని సర్దిచెప్పుకున్నాడు. పిరికితనానికి అంతకంటే మంచి పేరు దొరకదు మరి!

"జనం నన్ను కోరుకున్నారో నేదో సూడాల," అన్నాడు, చుట్టూ ఉన్న కూలీలందరికీ వినబడేలా. "రేపు రబ్బరు పాలు ఒంపుకున్నాక, ఎవుల మొదటి చెట్టుకి ఆలు గిన్నె వెల్లకిలా ఒగ్గేయండి. నాను వద్దనుకున్నోలు బోర్లించండి."

మర్నాడు మధ్యాహ్నం కూర్మయ్య, జయరామ్ ఇద్దరూ చెట్లు చూసుకుంటూ వెళ్లారు. నలభై చెట్లలో మూడు గిన్నెలు బోర్లా ఉన్నాయి. ఒకటి బంగారయ్యది; అతను నాలుక కరుచుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో, పనైనాక బోర్లించడం సేతికి అలవాటైపోనాది!"

రెండో గిన్నె నరసమ్మది; ఆమెదీ అదే మాట. ఇద్దరూ గిన్నెలు తిప్పేశారు. మూడోది అప్పలసామి భార్య నూకమ్మది. ఆమె చెట్టు పక్కనే నిలబడి కత్తి తుడుచుకుంటోంది.

"నీదీ అలవాటేనా, నూకమ్మా?" కూర్మయ్య ఆశగానే అడిగాడు.

"కాదు బావా. తెలిసే బోర్లించినాను. ఆ రోజు నువ్వొక్క మాట సెప్పుంటే నా మొగుడు ఇంట్లో ఉండేవోడు."

సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. నాలుగేళ్లుగా ఎవరూ అనని మాట ఒకరైనా అన్నందుకు గుండె తేలికపడింది కూడా.

ఆ సాయంత్రం జయరామ్ పుస్తకం తెరవగానే కూర్మయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏకగ్రీవం కాదు. ఒకరు వద్దన్నారని రాయి. ఏల వద్దన్నాదో రాయి. ఆ రోజు అప్పలసామి నా పక్కనే ఉన్నాడని రాయి. నాను సంతకం ఎడతాను. నకలు టేసనుకి నానే అట్టుకెల్తాను."

"నిన్నూ లోపలేస్తారు, మావా."

"తెల్సు. రాయి."

తెల్లారేసరికి ఆ సంగతి కూలీల ఇళ్ల లైన్లలో అందరికీ తెలిసిపోయింది. కాగితం జేబులో పెట్టుకుని కూర్మయ్య బయలుదేరితే, దారిలో నూకమ్మ ఎదురొచ్చి అన్నం మూట చేతిలో పెట్టింది.

"ఎంతసేపు ఉంచేస్తారో ఏటో. తిను బావా," అంది.

నాలుగేళ్లలో ఆమె అతన్ని తినమనడం అదే మొదటిసారి.