పాలపళ్ళేగా!

మా ఇంట్లో అందరి మాటా చెల్లుతుంది, నాది తప్ప. అచ్చుకు వెళ్ళే పుస్తకాల్లో తప్పులు దిద్దడం నా ఉద్యోగం, అదీ ఇంట్లో కూర్చునే. దాంతో మా తమ్ముడికి మంచి సాకు దొరికింది. నేనేం చెప్పినా "అక్కకి ఎక్కడ చూసినా తప్పులే కనిపిస్తాయి" అని నవ్వేస్తాడు. గోడ చెమ్మగిల్లిందంటే నవ్వాడు. గ్యాస్ గొట్టం పాతబడిందంటే నవ్వాడు. ఆఖరికి తన రెండున్నరేళ్ళ కూతురి పళ్ళు పాడవుతున్నాయన్నా అదే నవ్వు.

ఆ పిల్లని మేం ఎలుకపిల్ల అంటాం. పళ్ళు రాకముందు నుంచే దొరికినదల్లా కొరికేది. కుర్చీ చేతులు, నా కళ్ళజోడు, వాళ్ళ నాన్న బెల్టు, ఏదీ వదల్లేదు. తమ్ముడూ మరదలూ పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్ళిపోతే చీకటిపడే దాకా అది నా దగ్గరే. అలాంటి పిల్ల ఈ మధ్య ఆపిల్ ముక్క ఇస్తే కొరకడం మానేసి చప్పరిస్తోంది. ముద్ద పెడితే బుగ్గన దాచుకుని కూర్చుంటోంది. "మొండి" అన్నాడు తమ్ముడు. "గారాబం ఎక్కువైంది" అంది మరదలు, నా వైపు చూడకుండా.

ఒకరోజు స్నానం చేయిస్తూ దాని పై పెదవి వేలితో ఎత్తి చూశాను. ముందు పళ్ళ మీద, చిగుళ్ళ అంచున, సున్నంతో గీసినట్టు తెల్లటి చార. తల వెనక్కి వంచి పళ్ళ వెనకవైపు చూశాను. ఒక పన్ను గోధుమరంగుకి తిరిగింది. పిల్ల తుమ్మినా ఫొటో తీసే ఇంట్లో, ఆ పెదవి ఎత్తి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

కారణం ఎక్కడో వెతకక్కర్లేదు. రోజూ రాత్రి మరదలు పిల్లని పక్కలో వేసుకుని, పంచదార కలిపిన పాలు సీసాలో పోసి నోటికి అందిస్తుంది. అది తాగుతూ తాగుతూ నిద్రలోకి జారుకుంటుంది. సీసా నోట్లోనే ఉంటుంది. ఆ తీపి తెల్లవార్లూ పళ్ళను నానబెడుతూనే ఉంటుంది.

ఆ సాయంత్రం మరదలు చెప్పులు విడవకముందే మొదలుపెట్టాను. నా నోటికి ఆగడం తెలియదు.

"ఆ సీసా మాన్పించాలమ్మాయ్. పాలు గ్లాసుతో తాగించు, పళ్ళు తోమి పడుకోబెట్టు. ముందు ఒకసారి డాక్టరుకి చూపిద్దాం."

"పాలపళ్ళేగా వదినా, ఎలాగూ ఊడిపోయేవే."

"ఊడేది ఆరేళ్ళకి. అందాకా దేంతో నములుతుంది? మీ ఆయన పళ్ళతోనా?"

తమ్ముడు టీవీ మీంచి చూపు తిప్పకుండా "మొదలెట్టావా అక్కా" అన్నాడు.

మరదలు సంచీ బల్ల మీద పడేసింది. "పగలంతా మీరు చెప్పినట్టే నడుస్తోంది కదా. ఆ ఒక్క పూటా నాకు వదిలేయండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది పూటలు పంచుకునే సంగతా? ఆ పళ్ళు పగలు నావీ రాత్రి ఆవిడవీనా? అయినా ఊరుకోలేదు. పంచదార డబ్బా అటక మీద పెట్టాను. మర్నాటికి కొత్త పొట్లం వచ్చింది. సీసాలో మంచినీళ్ళు పోసి పెట్టాను. పిల్ల ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది, నేను దోషినయ్యాను. మెత్తటి బ్రష్షు తెచ్చి, బియ్యపు గింజంత పేస్టు వేసి, రోజూ మధ్యాహ్నం ఒళ్ళో పడుకోబెట్టుకుని తోమేదాన్ని. అది నా వేలు కొరికేది. పైన ఆ పన్ను తగిలితే మాత్రం గింజుకుని ఏడ్చేది. తల ప్రాణం తోకకొచ్చేది. మళ్ళీ చెప్పాను, మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఒకసారి మరదలు తలుపు చాటునుంచి తమ్ముడితో అనడం నా చెవిన పడింది. "కన్నదాన్ని నాకు తెలీదా ఏం చెయ్యాలో?" తమ్ముడు ఆవులించడం వినిపించింది. మా గొడవల్లో వాడెప్పుడూ అంతే, ఇంట్లో అద్దెకుంటున్నవాడిలా.

ఒక ఆదివారం పిల్ల మూతి వాచి లేచింది. పెదవి ఎత్తితే ఆ పన్ను పైన చిగురు మీద శనగగింజంత చీముగడ్డ. ఒళ్ళు కాలిపోతోంది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ముగ్గురం పరుగెత్తాం.

పిల్లల పళ్ళ డాక్టరమ్మ చిన్న స్టూలు మీద కూర్చుని, ఎదురుగా ఇంకో స్టూలు లాగింది. పిల్లని పట్టుకునే మనిషి ఆవిడ మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి కూర్చోవాలి. పిల్ల కాళ్ళు ఆ మనిషి నడుముకి చెరోవైపూ వేసి, వెనక్కి వాలి, డాక్టరు ఒళ్ళో తల పెట్టాలి. "అమ్మ రండి" అందావిడ. మరదలు ముందుకు వచ్చింది. పిల్ల నా మెడ పట్టుకుని వదల్లేదు. విడదీయబోతే కెవ్వుమంది.

"సరే, ఎవరైనా ఫరవాలేదు, ఏడవకపోతే చాలు" అంది డాక్టరమ్మ. నేనే కూర్చున్నాను.

ఆవిడ చూసి తల అడ్డంగా ఊపింది. "ఈ పన్ను తీసెయ్యాలి, చీము పట్టింది. వదిలేస్తే లోపల తయారవుతున్న అసలు పన్నుకే దెబ్బ. మిగతా మూడు ముందు పళ్ళకీ మందు పూస్తాను, నిలబడొచ్చు. మచ్చ తెల్లగా ఉన్నప్పుడే తీసుకొచ్చుంటే ఇదీ నిలిచేది."

ఆవిడ చిగురుకు మందు రాసి సూది గుచ్చుతుండగా, గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముడు నోరు తెరిచాడు.

"రోజంతా ఇంట్లోనే ఉంటావుగా అక్కా, ముందే చెప్పొచ్చుగా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ పిల్ల కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. దాని రెండు చేతులూ నా బొటనవేళ్ళను పట్టుకుని ఉన్నాయి. నేను గొంతు పెంచితే అది ఉలిక్కిపడుతుంది, ఆ నోట్లో సూది ఉంది. అందుకని నవ్వాను. తమ్ముణ్ణి అనవలసిన తిట్లన్నీ మింగుతూ "అయిపోయిందే బంగారం, అయిపోయింది" అన్నాను. అంత కష్టమైన నవ్వు నా జన్మలో నవ్వలేదు. పన్ను చిన్న చప్పుడుతో ఊడి వచ్చింది.

రాత్రి సీసా ఈ రోజు నుంచే బంద్ అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. గ్లాసుతో పాలు, తర్వాత బ్రష్షు, ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దంది. తమ్ముడు మందుల చీటీ పట్టుకుని కిందకు దిగాడు. వరండాలో బల్ల మీద నేనూ, మరదలూ, నా ఒళ్ళో పిల్లా మిగిలాం. ఇక నా వంతు వచ్చింది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని చూస్తున్నాను.

"సీసా లేకపోతే అది నా దగ్గర పడుకోదు వదినా" అంది మరదలు.

నేను పిల్ల పెదవి మీది తడి తుడిచాను.

"పంచదార మంచిది కాదని నాకూ తెలుసు. మీ దగ్గరయితే మధ్యాహ్నం ఉత్తినే పడుకుంటుంది. నేను రమ్మంటే రాదు. సీసా చూపిస్తేనే వస్తుంది. రోజు మొత్తంలో నా దగ్గరికి వచ్చేది దానికోసమే." ఏడుపు ఆపుకోవడానికి పమిట అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

నా కోపం అలాగే ఉంది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఈ మాట ముందే అంటే ఏం పోయేది? అడగడానికి నాకేం రోగం వచ్చింది?

పిల్లని ఎత్తి దాని తల్లి ఒళ్ళో పెట్టాను. అది వెంటనే రెండు చేతులూ నా వైపు చాపింది. మొద్దుబారిన పెదవితో "అత్తా" అనబోయింది, మాట సరిగ్గా రాలేదు.

"అత్త చేతులు కడుక్కోవాలి. అమ్మ దగ్గరుండు."

లేచి వరండా చివర చేతులు కడుక్కునే చోటికి వెళ్ళి కుళాయి తిప్పాను. వెనక గుక్కపట్టి ఏడుస్తోంది. "నేనేనే, అమ్మనే" అంటోంది మరదలు, మళ్ళీ మళ్ళీ అదే మాట. ఎలా ఎత్తుకోవాలో, వీపు మీద ఎక్కడ తడితే ఊరుకుంటుందో నాకు తెలుసు. తల తిప్పి ఆ ఒక్క ముక్కా చెబితే చాలు. పళ్ళు బిగబట్టాను. ఏడుపు ఆగలేదు. సబ్బు తీసుకుని, కడిగిన చేతులే మళ్ళీ కడగడం మొదలుపెట్టాను.