వెంటపడే నీళ్ళు

విశాఖ పాతపట్నంలోని ఆ ధర్మాసుపత్రిలో పొద్దున్నే మొదటి పని గాజు సిరంజీలు కడగడం. ఆ పని ఆయా రజియాది. సబ్బునీళ్ళలో ముంచి, కడిగి, మరిగే డబ్బాలో వేసేలోపు ఏదో ఒకటి చేతిలో చిట్లుతూనే ఉండేది. వేలు తెగితే చప్పరించి, తమలపాకుల సంచిలోంచి కాస్త సున్నం తీసి అద్దుకోవడమే అక్కడి ఆయాల వైద్యం. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు కదా, ఆసుపత్రి మనుషులకి ఆసుపత్రి మందు లోకువ.

కొళాయి నీళ్ళు మాత్రం ఊరుకునేవి కావు. అక్కడ పనిచేసేవాళ్ళు ఎవరైనా దెబ్బ తగిలించుకుని దాచుకుంటే, నీళ్ళు తూములోంచి వెనక్కొచ్చి, సన్నటి ధారగా గచ్చుమీద పాకి వాళ్ళ వెంటపడేవి. ఓసారి కాంపౌండరు శ్రీరామ్మూర్తిగారు సూది గుచ్చుకున్న సంగతి దాచి రోజంతా తడి పంచెతో తిరిగారు. డాక్టరుగారికి చూపించుకున్నాకే నీళ్ళు వెనక్కి మళ్ళాయి. ఆ రోజుల్లో విశాఖపట్నంలో కొళాయికి నీళ్ళు రావడమే గొప్ప, ఎటు పోతున్నాయని అడిగేదెవరు?

ఆ మంగళవారం రజియా బొటనవేలు తెగింది. సున్నం అద్దింది. అంతలోనే యారాడ నుంచి ఓ జాలరిని మంచానికి కట్టి తెచ్చారు. రెండు నెలల కిందట కుక్క కరిస్తే పసరు వేయించుకుని ఊరుకున్నాడట. ఇప్పుడు నీళ్ళ గ్లాసు చూస్తేనే గొంతు పట్టేసి గిలగిల్లాడుతున్నాడు. సిస్టరు కనకరత్నం, రజియా చెరోవైపు పట్టుకున్నారు. అతని నోటి నురగ రజియా ఉత్త చేత్తో తుడిచింది. దాహం దాహం అంటూనే మధ్యాహ్నానికి పోయాడు, పాపం.

రజియా చేతులు కడుక్కుంది. సబ్బుతో మళ్ళీ కడుక్కుంది. నీళ్ళు వదల్లేదు. డ్యూటీ దిగి ఇంటికి బయల్దేరితే బజారంతా వెనకే వచ్చాయి. అత్తరు దుకాణం ముందు జనం ఆ ధారని దాటుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు.

"నీ ఎనకాల నీళ్ళొస్తన్నాయేటే?" గుమ్మంలో బియ్యం ఏరుతున్న అత్త గులాబ్ బీ అడిగింది.

"సిరంజీ కోసుకుంది అమ్మీ. ఆ పిచ్చికుక్క కరిసినోడి నురగ తుడిసినాను. అంతే."

"సూదులేయించుకున్నావా?"

"ఆడు నన్ను కొరకలేదు కదా! కుక్క కరిస్తే సూదులుగానీ, మనిషి నురగ తగిల్తే సూదులేటి?"

పైకి అలా అందిగానీ, ఆమె భయం వేరు. రెండు కడుపులు నిలవకుండా పోయాయి. ఇది మూడోది, అయిదో నెల. కుక్కకాటుకు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఆ సూదుల పొడుగెంతో ఆమెకు తెలియనిదా, రోజూ సూదులు కడిగేది ఆమే. వాటిని తన పొట్టలోకి దింపనివ్వడం ఆమె వల్ల కాదు.

దీపాలు పెట్టే వేళకి దాహం వేసింది. గ్లాసెత్తింది. నీళ్ళు పెదవులకి అందకుండా పక్కకి ఒరిగి, అంచు దాటి బొటనవేలి మీదికి పాకాయి. కుండలోంచి మళ్ళీ ముంచింది. అదే వరస. నాలుగోసారికి నాలుక పిడచగట్టింది, ఒక్క చుక్క గొంతులో పడలేదు. జాలరి మొహం కళ్ళముందు మెదిలింది. గ్లాసు జారి గచ్చుమీద దొర్లింది.

"అమ్మీ, నాకొచ్చీసింది!" అని బావురుమంది.

గులాబ్ బీ కోడల్ని పొదివి పట్టుకుంది. "ఒక్క పూటలో వచ్చీ రోగం కాదే అది. ఇంకా టయిముంది కాబట్టే నీళ్ళిలా కొట్టుకుంటన్నాయి. పోయి సెప్పు, బేటీ. ఇప్పుడే పో."

కనకరత్నం ఇంకా వార్డులోనే ఉంది. గోదావరి జిల్లా మనిషి, నోరు పెద్దది. సంగతి విని అగ్గిమీద గుగ్గిలమైంది.

"పొద్దున్న తగిలితే ఇప్పుడా చెప్పడం? ఆ సున్నం ఏంటి, గోడకనుకున్నావా వేలు! వాడు కరవక్కర్లేదు, ఆ ఉమ్మి తెగినచోట పడితే చాలు. ముందు కడుగు. తర్వాత పెద్దాసుపత్రికి పద, రేపూ ఎల్లుండీ అంటే కుదరదు."

"కడుపులో పిల్లకేటైనా అయితే, సిస్టరమ్మా?"

"తల్లుంటేగా పిల్ల! సూదుల్ని కడుపుతో ఉన్నా మానకూడదు. ఆ జబ్బొస్తే మాత్రం ఇద్దరూ దక్కరు." అంతలోనే మెత్తబడి కుండలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "పెదాలెండిపోయాయి. తాగు."

గ్లాసులో నీళ్ళు రెండుగా చీలాయి. ఒక పాయ రజియా బొటనవేలి మీదికి వెళ్ళింది. రెండో పాయ వెనక్కి తిరిగి కనకరత్నం మణికట్టెక్కి, వాచీ పట్టీ కిందకి దూరింది.

కనకరత్నం వాచీ విప్పింది. కింద ఎర్రగా గోటి గీత.

"పొద్దున్న పట్టుకున్నప్పుడు గీరాడు," అంది నెమ్మదిగా. "ఉమ్మి కూడా పడింది. చిన్నదే కదా, రేపు చూద్దాంలే అనుకుని, పొద్దుట్నుంచీ కొళాయి దగ్గరికే వెళ్ళలేదు. నాక్కూడా ఆ సూదులంటే భయమే, రజియా. చాలా భయం."

రజియా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పదండి, సిస్టరమ్మా. నాను మీ పక్కనే ఉంటాను."

కొళాయి కింద ఇద్దరూ చేతులు పెట్టి చాలాసేపు కడుక్కున్నారు. ఒకే రిక్షాలో పెద్దాసుపత్రికి వెళ్ళారు. సిరంజీలోకి మందు ఎక్కించి డాక్టరు ముందెవరని అడిగితే, కనకరత్నం గోడకు చేరబడింది. రజియానే బల్ల ఎక్కి పడుకుంది.

సూది దిగింది. పళ్ళు బిగించి ఓర్చుకుంటుండగా, బొడ్డుకి ఇంత కిందగా లోపల్నుంచి ఎవరో మెల్లగా తన్నారు. ఇన్నాళ్ళలో ఎప్పుడూ లేదు. ఇంకోసారి తన్నారు.

రజియా ఏడుస్తూనే నవ్వేసింది. పొట్ట మీద చెయ్యి వేసి, "ఇంకా పదమూడున్నాయమ్మా, ఓర్సుకో," అంది.

తనతోనే అంటోందనుకుని, గోడ దగ్గర కనకరత్నం తలూపింది.