తాళంలో నా వేలు

తాళం విప్పగానే లోపల పసుపు కనిపించింది.

వెనక పలక తీసి, వరండాలో పరిచిన గుడ్డ మీద పెట్టాను. సర్క్యూట్ బోర్డు అంచుల్లో, బ్యాటరీల గూట్లో, వేలు ఆనించే గాజు కింద, అంతటా ఎండిపోయిన పసుపు. వానజల్లు అనుకోవడానికి లేదు. ఎవరో పసుపునీళ్ళు పోసి, లోపలికి దిగేదాకా రుద్దారు.

"ఏమప్పా, తెలిసిందా ఏం రోగమో?" అన్నాడు కేశవ. గనులకు లారీలు తిప్పే మనిషి. బళ్ళారిలో ఈ కొత్త ఇల్లు అతనిదే. కుర్చీలో కూర్చుని కాలు ఊపుతున్నాడు. "వారం గాకముందే సచ్చిపాయ, ఇదేం స్మార్టు లాకప్పా? ఊర్లో, దేశనూరు ఇంట్లో మా తాత పెట్టిచ్చిన గొళ్ళెం ఇంగా గట్టిగుండాది."

"లోపలికి నీళ్ళు పోయినాయి సార్."

"ఫిట్టింగు సరిగ్గ లేకుంటే నీళ్ళు పోవా మరి?"

ఆ మాట అనడానికే నన్ను పిలిపించాడని అప్పుడు అర్థమైంది. ఇంటివాళ్ళే నీళ్ళు పోసి పాడుచేస్తే కంపెనీ కొత్త తాళం ఇవ్వదు. బిగించినవాడి తప్పని తేలితే ఇస్తుంది, బిగించినవాడి ఐడీ రద్దు చేస్తుంది. ఐటీఐ అయ్యాక బెంగళూరులో శిక్షణ తీసుకుని సంపాదించుకున్న ఐడీ అది. అది ఉంటేనే వచ్చే నెల నుంచి ఈ లేఅవుట్‌లోని ఇళ్ళ పని నా చేతికొస్తుంది. అది పోతే మా నాయన గాదిలింగప్పతో పాటు నేనూ మా దేశనూరు వరి మళ్ళల్లో కూలికి దిగాలి. ఆ మళ్ళు కూడా కేశవ వాళ్ళవే.

గత బుధవారం ఇదే వరండాలో పని ముగించాను. లైట్లు, కర్టెన్లు, గేటు కెమెరా అన్నీ ఫోనుకు కలిపాక చివర తాళం. కొత్త తాళానికి ముందు ఏదో ఒక వేలు నేర్పాలి. మేం మా వేలే పెట్టి తలుపు తీసి, వేసి చూస్తాం. తర్వాత దాన్ని చెరిపేసి ఇంటివాళ్ళ వేళ్ళు ఎక్కిస్తాం. కేశవ తల్లి నాగలక్ష్మమ్మ పక్కనే నిలబడి చూసింది. పొద్దున్నుంచి ఆమె నన్ను ఇంజినీరప్పా అనే పిలుస్తోంది. నేను నిచ్చెన ఎక్కినప్పుడల్లా జాగ్రత్త చెప్పింది.

"యా ఊరప్పా నీది?" అంది చివర్లో.

"దేశనూరే అమ్మా."

"హౌదా, అట్లనా! ఎవరి పిల్లోడివి?"

చెప్పాను. ఆమె ముఖంలో చీదరింపేమీ రాలేదు. చోటు మారిన సామానును దాని చోట పెట్టేసినప్పటి నెమ్మది కనిపించింది. కాసేపు తాళం వైపు చూసి అడిగింది.

"నీ ఏలు దాంట్లోనే ఉండిపోతాదా?"

"లేదమ్మా, చెరిపేసినా."

"ఇంత గూడా మిగల్లేదా?"

"లేదమ్మా."

పెద్దావిడకు యంత్రం అర్థం కాలేదనుకుని నవ్వాను కూడా. జేబులోంచి పొడిగుడ్డ తీసి గాజు తుడిచి, దీనికి తడి తగలకూడదని చెప్పి వచ్చాను.

ఇప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చి స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను. ఆమె అడిగింది యంత్రం గురించి కాదు.

కోపం నాకు చేతుల్లో మొదలవుతుంది. నోటికి చేరేలోపు దాన్ని ఎవరో ఆపి, సార్ అనే మాటగా మార్చి పంపుతారు. ఆ ఎవరో నాలోనే ఉన్నాడు, చిన్నప్పటి నుంచీ ఉన్నాడు. వాణ్ణి మర్యాద అనుకుంటూ వచ్చాను. పని అయ్యాక తుడవమని శిక్షణలో నాకెవరూ చెప్పలేదు. అయినా ముట్టిన గోడను, స్విచ్చును, తలుపును తుడిచే వస్తాను. శుభ్రమైన పనివాడని మెచ్చుకుంటారు. అంటే ఆమె పసుపునీళ్ళతో చేసిన పనిని నేను పొడిగుడ్డతో ముందే చేసిపెట్టాను. ఆ సంగతి తోచగానే ఆమె మీదకంటే నా మీద ఎక్కువ కోపం వచ్చింది. మరుక్షణం, కోపాన్ని ఇలా నా మీదికి తిప్పుతున్నదీ వాడేనని తెలిసింది. బలవంతాన దాన్ని మళ్ళీ ఆమె వైపు తిప్పాను.

"అమ్మను పిలవండి," అన్నాను. సార్ అనలేదు.

నాగలక్ష్మమ్మ బయటికి వచ్చి, గుడ్డ మీది ముక్కల్ని చూసింది.

"దీన్ని నీళ్ళతో కడిగినారా అమ్మా?"

"కడిగినా. గడప కడగమా, వాకిలి కడగమా?"

"ఎప్పుడు కడిగినారు?"

"నువ్వు అట్ల పోతానే." దాచాలన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు. "నీ ఏలు దాంట్లో పెట్టుకోని, దేవునింటికి ఎదురుగా ఆ తలుపు యెట్ల తీయల్లప్పా? నువ్వు మంచోడివే. నిన్ను ఒక్క మాటన్నా అంటినా?"

"మా! నువ్వు గమ్మున లోపలికి పో," అన్నాడు కేశవ. ఆమె కదల్లేదు. అతను ఫోన్ తీసి మా షాపు ఓనరు ఇంద్రసేనకు కలిపి స్పీకర్ పెట్టాడు. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నట్టున్నారు.

"యల్లేష్, ఫిట్టింగు తప్పని ఒప్పేసుకో," అన్నాడు ఇంద్రసేన. "ఐడీ పోతే ఇంకోని పేరు మీద పని చేసుకుందువు. లేఅవుట్ అంతా కేశవన్న మాట మీదుండాదప్పా."

"నేను సరిగ్గానే బిగించినా."

"ఎవరు కాదన్యారు? మాట వరసకు చెప్పమంటాండా."

"మీ నాయనతో చెప్పిస్తేనే వింటావేమో," అన్నాడు కేశవ.

నేను నా ఫోన్ తీసి, వాళ్ళ ముందే బెంగళూరులోని కంపెనీ ఇంజినీరుకు చేసి, నేనూ స్పీకర్ పెట్టాను. బోర్డు ఫొటోలు పంపి, కన్నడంలో అంతా చెప్పాను. వాళ్ళకూ అర్థం కావాలనే నెమ్మదిగా చెప్పాను. ఎందుకు పోశారని అడిగాడతను. నా వేలు పోవాలని పోశారని, నేను ఎవరి కొడుకునో తెలిశాక పోశారని చెప్పాను.



"నీళ్ళు పోశారు, అది చాలు," అన్నాడు ఇంజినీరు. "ఫిట్టింగు తప్పు కాదు. నీ ఐడీకేం కాదు. ఆ రెండోది మాకెందుకప్పా?"

ఫోన్ పెట్టేశాడు. ఐడీ నిలిచింది. ఎందుకు పోశారన్నది ఈ వరండాలోనే మిగిలిపోయింది.

కేశవ ఫోన్‌లో ఇంకా లైన్ మీదే ఉన్న ఇంద్రసేన అంతా విన్నాడు. "రేపట్నుంచి షాపుకు రాకప్పా," అన్నాడు.

"ఆ ఐడీని నెత్తిన పెట్టుకోని తిరుగు," అన్నాడు కేశవ. "ఈ ఊర్లో నీకు తలుపు తీసేది యెవడో నేనూ చూస్తా."

పనిముట్లు సంచిలో వేసుకున్నాను. టేకు తలుపులో తాళం తీసిన చోట బొక్క అలాగే ఉంది. నాగలక్ష్మమ్మ దాన్ని చూసి, ఏమీ జరగనట్టే అంది.

"అది బిగిచ్చి పోప్పా. రాత్రికి తలుపట్ల పెట్టుకోని పండుకోల్లా ఏంది?"

"నేను ముట్టనమ్మా."

"ఆఁ?"

"మీ తలుపు నేను ముట్టను."

అప్పుడు వచ్చింది ఆమెకు కోపం. మెడ నరాలు ఉబ్బాయి. "ముట్టవా? మా ఇల్లు ముట్టవా? యెవరిని ఏమంటాండావురా? మీ నాయన తిన్నది యా ఇంటి కూడురా?" అంటూ మెట్లదాకా వచ్చింది. కేశవ ఆమె చెయ్యి పట్టుకుని ఆపుతున్నాడు.

గేటు దాటి బండి స్టార్ట్ చేసేదాకా ఆమె అరుస్తూనే ఉంది. గేటు మీద నా చెయ్యి పడిన చోటును ఈసారి తుడవలేదు.   అలాగే గేరు వేశాను.