కిటికీ సీటు మీద కర్చీఫు

బస్సు పూర్తిగా ఆగకముందే కాజాల పిన్ని కళ్ళు ఎడమవైపు మూడో కిటికీని వెతికాయి. సీటు మీద నీలం గళ్ళ కర్చీఫు పరిచి ఉంది. పక్కన ఆ ముసలాయన. ఆమె సంచిని గుండెకు అదుముకుంది.

ముప్పై ఏళ్ళుగా ఆమె పని చొక్కాల గుండీలకు కాజాలు కుట్టడం. షాపులో సూది, ఇంట్లో గరిటె. చేతులు ఖాళీగా ఉండేది ఈ ముప్పావు గంట బస్సులోనే. కిటికీ దొరికితే చాలు, అద్దానికి తల ఆనించి తనకు లేని ఇంట్లోకి వెళ్ళిపోయేది. రెండు గదులు, తూర్పున కిటికీ, దానికో తెల్లటి తెర. ఆ తెర అంచును ఒకరోజు కుట్టేది, నచ్చకపోతే మర్నాడు విప్పి మళ్ళీ కుట్టేది. తొందరపెట్టేవాళ్ళు లేని కుట్టు.

నెల రోజులుగా ఆ ఇంటికి దారి మూసుకుపోయింది. ముందు స్టాపులో ఎక్కే ఈ ముసలాయన కిటికీ సీటు మీద కర్చీఫు వేసి ఉంచుతాడు. ఆమె ఎక్కగానే దాన్ని మడిచి, "కూర్చోండమ్మా" అని తను వెనక్కి పోతాడు. అంతే, ఇంకో మాట ఉండదు. వెనక ఆయన ఉన్నాడనుకుంటే, కిటికీ దొరికినా ఆమె ధ్యాస ఆ తెర మీద నిలవదు.

అడగందే అమ్మైనా పెట్టదు. అడక్కుండా సీటు పెట్టేవాడి కడుపులో ఏముందో? ఆమె భర్త కూడా అంతే. ఏనాడూ పట్టించుకోనివాడు ఒక సాయంత్రం కొత్త చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆ వారమే ఇల్లు విడిచిపోయాడు. చెప్పులు అరిగిపోయాయి, అనుమానం అరగలేదు.

"మీ అందం చూసి వెంటపడుతున్నాడేమో అత్తయ్యా!" అని కోడలు నవ్వింది. "ఎందుకైనా మంచిది, సంచి జాగ్రత్త."

సంచిలో ఉన్నదల్లా కత్తెర, కళ్ళజోడు, అన్నం డబ్బా.

ఈరోజు ఆయన కర్చీఫు తీయబోతుంటే ఆమె ఆగిపోయింది. "నేను అడిగానా మిమ్మల్ని? మీ సీటు మీ దగ్గరే ఉంచుకోండి."

బస్సులో సగం తలలు తిరిగాయి. ఆయన మొహం చిన్నబోయింది. ఏదో అడగబోయి మానేసి, "సరేనమ్మా" అన్నాడు. ఆమె ముందుకు వెళ్ళి ఓ లావుపాటావిడ పక్కన ఇరుక్కుంది. తన స్టాపు రాగానే వెనక్కి చూడకుండా దిగిపోయింది.

మధ్యాహ్నం ఎడమ పట్టీకి పడాల్సిన ఆరు కాజాలు కుడి పట్టీకి కుట్టేసింది. మేస్త్రీ చొక్కా ఎత్తి చూపించాడు. "ఏంటి పిన్నీ, గుండీలు వీపుకు పెట్టుకోమంటావా?" అందరూ నవ్వారు. ముప్పై ఏళ్ళలో ఇలాంటి పొరపాటు ఇదే మొదటిది.

సాయంత్రం అదే బస్సు, అదే కండక్టరమ్మ. మూడో కిటికీ దగ్గర కర్చీఫు ఉంది. పక్కన ఎవరూ లేరు.

"ఏడీ ఆయన? ఎక్కడ నక్కాడు?"

కండక్టరమ్మ టికెట్లు కొట్టడం ఆపింది. "పొద్దున ఆఖరి స్టాపులో అందరూ దిగారు పిన్నీ. ఆయన దిగలేదు. నిద్రపోయారనుకుని తట్టాను."

పిన్ని కమ్మీని పట్టుకుంది. "నేనన్న మాటకేనా?"

"ఛ, అదేం కాదు. గుండెజబ్బు ఎప్పట్నుంచో ఉంది." కండక్టరమ్మ గొంతు తగ్గించింది. "కిటికీ దగ్గర కూర్చుంటే నీ వేళ్ళు గాల్లో ఏదో కుడుతుంటాయట. ఆమధ్య సీటు లేక నిలబడ్డావు చూడు, ఆ రోజు కుట్టలేదట. అప్పట్నుంచే ఈ కర్చీఫు. 'ఏం కుడుతుందో ఒకసారి అడగాలమ్మా' అనేవారు. నువ్వేమో సంచి పట్టుకుని గుడ్లురిమేదానివి."

పిన్ని తన వేళ్ళ వంక చూసుకుంది.

"మరి ఇది తీయలేదే?"

"చేతులు రాలేదు. ఐదు ట్రిప్పులు తిరిగాం, ఎవరూ కూర్చోలేదు. కర్చీఫు ఉంటే ఎవరో వస్తారనుకుంటారుగా."

ఆమె కిటికీ సీటులోకి జరగలేదు. పొద్దున ఆయన కూర్చున్న చోటే కూర్చుంది. తర్వాతి స్టాపులో ఎక్కినావిడ అడిగింది, "ఇక్కడెవరన్నా ఉన్నారా?"

"ఉన్నారమ్మా."

బస్సు కదిలాక పిన్ని ఆ ఖాళీ సీటు వైపు కాస్త వంగింది.

"తెరండీ," అంది నెమ్మదిగా. "కిటికీకి తెర కుడుతున్నాను."

గాలికి నీలం గళ్ళ కర్చీఫు ఓ మూల లేచి, మళ్ళీ సీటు మీద సర్దుకుంది.