గీతా మేడం ఎమ్మెస్సీ సీటు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ పక్క సందులో, చెప్పుల షాపు పైన, గీత ఎమ్మెస్సీ ఎంట్రెన్స్‌కు కెమిస్ట్రీ బిట్లు చెప్పేది. తను మాత్రం ఎమ్మెస్సీ చేయలేదు. బీఎస్సీ కాగానే సిటీ బస్సు డ్రైవరు కృష్ణతో పెళ్ళయింది. ఏటా ఆమె దగ్గర చదివినవాళ్ళు యూనివర్సిటీకి వెళ్ళేవారు, ఆమె ఎల్బీ నగర్‌లో ఇంటికి వెళ్ళేది.

ఆ ఏడాది ప్రశ్నల తీరు మారుతోందని పిల్లలు గోల పెట్టడంతో, అదేదో చూసొద్దామని తనూ పరీక్ష రాసింది. ఎవరికీ చెప్పలేదు. తీరా ఫలితాలొస్తే మూడో ర్యాంకు.

కోచింగ్ సెంటర్ యజమాని వెంకటేశ్వరరావు గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవాడు. గీత మాటల్లో మాటగా ర్యాంకు సంగతి ఆయన దగ్గర అనేసింది. మర్నాటికల్లా హయత్‌నగర్ దాకా ఫ్లెక్సీలు లేచాయి. ఆఫీసులో ఉన్న గీత ఫొటో చుట్టూ బంతిపూల అంచు, కింద 'మా విద్యార్థిని' అని పెద్ద అక్షరాలు.

గీత అత్త సైదమ్మకు చదువు రాదు. హయత్‌నగర్ మార్కెట్‌కు పోతూ షేర్ ఆటోలోంచి, పూల మధ్య నవ్వుతున్న కోడల్ని చూసింది. వెంటనే కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒరే కృష్ణా, పొద్దుగాల గీత మంచిగనే పోయింది గదరా."

"పోయింది. ఏమైందే?"

"నన్నడుగుతవేంది? రోడ్డు మీద ఫొటో పెట్టి పూలేసిన్రు."

కృష్ణ అప్పుడు డిపోలో ఉన్నాడు. గీతకు ఫోన్ కలిపాడు. "క్లాసుల ఉన్న, ఊకె చెయ్యకు" అని ఆమె కసిరింది. పెళ్ళాం చేత తిట్లు తిని అంత సంతోషపడటం తనకు అదే మొదలని తర్వాత డిపోలో అందరికీ చెప్పుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో అసలు సంగతి తెలిసింది. సైదమ్మ భయమంతా కోపంగా మారింది.

"సీటొస్తదన్నప్పుడు పోవాలె గదా. మరి రోడ్డుకెందుకు ఎక్కినట్టు?"

"నేనెక్కలే అత్తమ్మా, మా సారు ఎక్కించిండు. అయినా నా దగ్గర చదివిన పిల్లలే ఆడ నాకు సీనియర్లు. ఏం ముఖం పెట్టుకొని పోవాలె?"

"నీకు పోవాలని ఉన్నదా లేదా, గదొక్కటి చెప్పు" అన్నాడు కృష్ణ.

గీత లేచి అన్నం వడ్డించింది.

వెంకటేశ్వరరావుది ఇంకో బాధ. "నువ్వు చేరకపోతే మన ఫ్లెక్సీకి విలువుండదమ్మా" అన్నాడు మర్నాడు పొద్దున టీ తాగుతూ. కప్పు ఖాళీ అయ్యేసరికి, "చేరితే మరి బిట్లు ఎవరు చెప్తారు?" అన్నాడు. ఇంకో టీ తెప్పించుకుని ఆలోచించాడు. "ఒక పని చెయ్యి. చేరు. కానీ వెళ్ళకు."

చేరడమో మానడమో తేల్చుకోవాలంటే ఒకసారి ఆ చోటు చూడాలని గీత సెలవు పెట్టి యూనివర్సిటీకి వెళ్ళింది. అక్కడ రమ్య ఎదురైంది. నిరుడు గీత దగ్గర బిట్లు నేర్చుకున్న పిల్ల. మేడం వచ్చారని చెయ్యి పట్టుకుని ల్యాబ్‌లోకి లాక్కుపోయింది.

రమ్య గాజు గొట్టంలో నీళ్ళలాంటి ద్రావణం వేడి చేసి చూపించింది. "లెడ్ అయోడైడ్ మేడం" అంటూ దాన్ని కుళాయి కింద చల్లార్చింది. రంగు లేని ద్రావణంలోంచి ఎక్కడివో బంగారు రేకులు పుట్టి, మెరుస్తూ, తిరుగుతూ మెల్లగా కిందికి దిగసాగాయి.

లెడ్ అయోడైడ్ రంగు పసుపు అని గీత వందలమందికి చెప్పింది. తన డిగ్రీ కాలేజీలో ల్యాబ్‌కు ఎప్పుడూ తాళమే. సీనియర్ల రికార్డు చూసి రాసుకుంటే మార్కులు వేశారు. పసుపంటే ఇదని ఆమెకు తెలియదు.

"ఇంకోసారి వేడి చెయ్యవా?" అంది. రమ్య చేసింది. ఆ తర్వాత గొట్టం తనే తీసుకుని చేసింది. ల్యాబ్ అటెండర్ తాళాలు ఆడించేదాకా చేస్తూనే ఉంది.

ఇంటికొచ్చి, చెప్పులు విడవకముందే, "పోతా" అంది. "యాడికి, ఇప్పుడే గదా వచ్చినవ్" అంది సైదమ్మ.

గీత చేరింది. పగలు యూనివర్సిటీ, సాయంత్రం బిట్లు. వెంకటేశ్వరరావు కొంత సణిగి, సాయంత్రం బ్యాచ్‌కే ఎక్కువమందిని చేర్చుకున్నాడు.

మొదటి వారం సీనియర్లు కొత్తవాళ్ళను పరిచయానికి పిలిచారు. ఒక్కొక్కరే లేచి పేరు చెప్పాలి. గీత వంతు వచ్చి లేవగానే, ఎదురుగా ఉన్న సీనియర్లలో సగంమంది అలవాటుగా లేచి నిలబడ్డారు. వాళ్ళను చూసి మిగతా సగం లేచారు. సీనియర్లంతా నిలబడ్డాక జూనియర్లు ఎలా కూర్చుంటారు? వాళ్ళూ లేచారు. ఎవరు ముందు కూర్చోవాలో ఎవరికీ తోచలేదు.

"కూర్చోండి" అంది గీత.

గదంతా కూర్చుంది. రమ్య గొంతు సవరించుకుని, "మేడం, మీ పేరు చెప్పండి" అంది.