చుక్క దిగని కుట్టు

బండి కొనేటప్పుడు అందరూ ఇంజను చూస్తారు. నేను కుట్టు చూశాను.

డ్రాయింగు మాస్టారి వరండాలో నిలబెట్టి ఉన్న ఆ చిన్న మోటారు సైకిలుకు పెట్రోలు ట్యాంకు మీద నల్ల రెక్సిన్ కవరు ఉంది. అంచున ఎర్ర పైపింగు. మూత మీదికి ఒక రెక్క, దానికి నాలుగు టిచ్ బటన్లు. మూడేళ్ళ కిందట నా చేతులతో నేను కుట్టిందే. ఒక్క పోగు లేవలేదు. కవరునే ఇంత అపురూపంగా చూసుకున్న మనిషి బండిని ఇంకెంత బాగా చూసుకుని ఉంటాడు అనుకున్నాను. సీటు కవర్లు, ట్యాంకు కవర్లు కుట్టుకుని బతికేదాన్ని, నాకు తెలిసిన పరీక్ష అదే మరి.

మాస్టారు అబద్ధం ఆడలేదు. "ఒక్క మాట ముందే చెప్పాలమ్మా. ఇది అప్పుడప్పుడు దారిలో ఆగిపోతుంది. ఓ పావుగంట కూర్చుంటే మళ్ళీ మామూలే. ముగ్గురు మెకానిక్కులకి చూపించాను, అంతు చిక్కలేదు. అందుకే ఇంత తక్కువకి ఇస్తున్నా" అన్నారు.

"వంతెన మీద ఆగిన సంగతి కూడా చెప్పండి" అని లోపలి నుంచి ఆయన భార్య గొంతు.

"వంతెన మధ్యలో ఆగింది. ఆ రోజు నుంచి ఈవిడ దీన్ని ఎక్కితే ఒట్టు. నది అవతల వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళి ఏడాదైంది."

"మా మరిది మెకానిక్కేలెండి, చూసుకుంటాడు" అన్నాను. నా కళ్ళు ఎర్ర పైపింగు మీద ఉంటే చెవులు ఎక్కడ పని చేస్తాయి?

ఆ బండి నాకు సరదాకి కాదు. నది అవతల కుట్టు శిక్షణ కేంద్రంలో టీచరు పని దొరికింది. ఇరవై ఏళ్ళు షాపు అరుగు మీద నడుము విరిగేలా కుట్టినదాన్ని, నాకంటూ ఒక బల్ల, కుర్చీ, ఎదురుగా పదహారు మంది నేర్చుకునేవాళ్ళు! ఎంత మురిసిపోయానో చెప్పలేను. అయితే మొదటి నెల నా మీద ఒక కన్నేసి ఉంచుతారు. ఎనిమిదికల్లా క్లాసులో ఉండాలి. మూడోసారి ఆలస్యమైతే ఇంకొకరిని పెట్టుకుంటామని సూపర్‌వైజరమ్మ మొహం మీదే చెప్పింది. ఆ వేళకు అటు బస్సు లేదు.

నాలుగో రోజే ఆగింది. రెండు దగ్గులు దగ్గి, మూలిగి, రోడ్డు పక్కన చల్లబడింది. నేను క్లాసు చేరేసరికి ఎనిమిదీ ఇరవై. సూపర్‌వైజరమ్మ గోడ గడియారం వైపు ఒకసారి చూసి, హాజరు పుస్తకం నా ముందుకు తోసింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

సాయంత్రం బండిని మరిది షెడ్డుకు తోలాను. "ముందు నా కవరు విప్పి గోడకి తగిలించు. దాని మీద నూనె మరక కనబడిందా, మా గుమ్మం తొక్కనివ్వను" అని గట్టిగా చెప్పాను. నాకు జడిసి కవరు విప్పాకే స్పానరు పట్టుకున్నాడు పాపం. ప్లగ్గు మార్చాడు, కార్బురేటరు కడిగాడు, రెండు ఊళ్ళు తిరిగొచ్చి, చేతులు శుభ్రంగా కడుక్కుని మళ్ళీ కవరు తొడిగాడు.

"వదినా, ఇది నా దగ్గర బుద్ధిగా బడికెళ్ళే పిల్లలా ఉంది. ఎక్కడా తుమ్మలేదు. నువ్వు దారి పొడుగునా తిట్టకుండా నడిపి చూడు."

"నేను తిడితే ఆగేదైతే మీ అన్నయ్య ఎప్పుడో ఆగిపోయేవాడు" అన్నాను.

వారం తిరక్కుండా మళ్ళీ ఆగింది. ఈసారి క్లాసు చేరేసరికి పావు తక్కువ తొమ్మిది. ఇంటికొచ్చి ఏడ్చినంత పని చేశాను. ట్యాంకు నింపిన మర్నాడే ఆగుతోందని అప్పుడే తట్టింది. అదే మా ఆయనతో అంటే, "కడుపు నిండితే ఎవరికైనా నిద్రొస్తుంది" అన్నాడు. ఆయనకు అనుభవం.

మూడోసారి వంతెన నడిమధ్యలో. టైము ఏడూ నలభై. వెనకనుంచి చెవులు పగిలేలా లారీల హారన్లు, కింద నది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. నా బల్ల, నా కుర్చీ, పదహారు మంది, అంతా పోయినట్టే. కోపమంతా రెక్క బటన్ల మీద చూపించాను. ఫటఫటా లాగి, పెట్రోలు ఉందో లేదోనని మూత తిప్పాను.

ఉస్సుమని పెద్దగా గాలి లోపలికి పోయింది. నీళ్ళలో మునిగి తేలిన మనిషి తీసుకున్న ఊపిరిలా ఉంది. ఎందుకో కిక్కు కొట్టాను. ఒక్క దెబ్బకే అందుకుంది!

మూతను తేరిపార చూశాను. మధ్యలో సూదిమొనంత చిల్లు. తిరగేసి రెక్క లోపల చూశాను. నేనే వేసిన టైరు ట్యూబు రబ్బరు అస్తరు. సరిగ్గా చిల్లు దగ్గర రబ్బరు పీల్చుకుపోయి, బొట్టంత గుంట పడింది. అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట మాస్టారు వచ్చి, మూత చిల్లులోంచి వాన నీళ్ళు ట్యాంకులోకి దిగుతున్నాయమ్మా అన్నారు. "నా కుట్టులోంచి చుక్క దిగితే కత్తెర పట్టడం మానేస్తాను" అన్నాను. చుక్క దిగలేదు. గాలీ దిగలేదు. లోపలికి గాలి పోకపోతే పెట్రోలు కిందికెలా జారుతుంది? ట్యాంకు నిండా ఉన్నప్పుడు లోపల గాలికి చోటే ఉండదు, అందుకే నింపిన మర్నాడే ఆగేది.

సంచిలోంచి కత్తెర తీశాను. ఇరవై ఏళ్ళలో నా కుట్టును నేనే కోయడం అదే మొదలు. రెక్క మొత్తం కత్తిరించి, బండెక్కాను. ఏడూ యాభై ఎనిమిదికి నా కుర్చీలో ఉన్నాను.

విషయం విని మరిది షెడ్డులో కూలబడి నవ్వాడు. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికామన్నమాట! నేనేమో నీకు జడిసి ముందు అదే విప్పుతున్నా. వదినా, ఆ వానాకాలం ఇలాంటివి ఎన్ని కుట్టావు?"

"తొమ్మిది."

వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. "ఐదుగురు ఇదే జబ్బుతో నా దగ్గరికే వస్తున్నారు. చల్లగా ఉండాలమ్మా నువ్వు!"

మిగతా ఎనిమిది రెక్కలూ ఆ వారంలోనే కోసి వచ్చాను. మాస్టారి గడప తొక్కడానికి మాత్రం కాళ్ళు రాలేదు. మంచి బండిని నా తప్పు వల్ల ఆయన చవగ్గా వదులుకున్నారు. తిరిగి ఇవ్వడం న్యాయం. ఇస్తే సోమవారం నుంచి నాకు క్లాసు లేదు. రెండు రోజులు వాయిదా వేశాను. ఆదివారం పొద్దున్నే వెళ్ళి, వరండాలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "తప్పు బండిది కాదండీ, నాది. మీరమ్మిన ధరకే మీ బండి మీరు తీసుకోండి" అని తాళంచెవి ఇవ్వబోయాను.

మాస్టారు జవాబిచ్చేలోపే ఆయన భార్య బయటికొచ్చింది. "అంటే ఈయనకి బండి చూసుకోవడం చేతకాదని ఇన్నాళ్ళూ నేను ఊరికే దెప్పానా?"

"ఆ మాట ఇంకోసారి అను, సరిగ్గా వినబడలేదు" అన్నారు మాస్టారు. తాళంచెవి అందుకుని, "ఎక్కు" అన్నారు ఆవిడతో.

ఆవిడ చెప్పులేసుకుని ఎక్కింది. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూసి, అక్కడే అరుగు మీద కూర్చున్నాను. బస్సులు ఎన్నింటికో, మొదటి బస్సు ఎక్కితే ఎంత ఆలస్యమో వేళ్ళ మీద లెక్కేసుకుంటూనే ఉన్నాను. ఎలా లెక్కేసినా ఎనిమిది దాటుతోంది.

మూడు గంటల తర్వాత తిరిగొచ్చారు. ఇద్దరి జుట్టూ గాలికి రేగిపోయి ఉంది. మాస్టారు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి వేళ్ళు మూశారు.

"ఆదివారాలు మాకివ్వు చాలు. మిగతా రోజులు నీకు పాఠాలున్నాయిగా."

తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని తల ఊపాను. నోరు పెద్దదని ఊరంతా చెప్పుకునే నేను!

ఆవిడ మాత్రం మొగుడి మీద అలిగినట్టు మొహం పెట్టింది. "మా అక్క చూసి ఏడ్చేసిందమ్మా. అంతా బాగానే ఉంది గానీ, వంతెన మీద నీళ్ళు చూద్దాం, కాసేపు ఆపండి అంటే ఆపరే!"