ఎడమచేతి ఇండికేటర్

పక్క పొలం గొర్రెల రైతు గెథిన్ చేసిచ్చిన ఇనుప క్లాంపుని ఎయిర్లిస్ పాతగుడ్డలో చుట్టి, షెడ్డులో పెయింటు డబ్బాల వెనక దాచేసింది. ఆ సంగతి తెలియని ఆమె భర్త ఇద్వల్ రోజూ పొద్దున్నే టీ కప్పు పట్టుకొచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడేవాడు.

"ఏమోయ్, గెథిన్ ఇంకా ఇవ్వలేదా?"

"ఉన్ని కత్తిరించే రోజులు కదా. ఊపిరాడుతుందా వాడికి?"

ఇద్వల్ తలూపి వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి వెళ్ళిపోయేవాడు. అది వాళ్ళ పెళ్ళికంటే పాత బండి. వెనక మంచం, పొయ్యి, మడతబల్ల. ఆ మోటారు ఇంట్లో వాళ్ళిద్దరూ వేల్స్ కొండలన్నీ తిరిగారు. నడపడం ఎప్పుడూ ఇద్వల్ వంతే. పాల ట్యాంకరు నడిపి రిటైరైన మనిషి. బాగుచెయ్యడం ఎయిర్లిస్ వంతు. ఆమె బస్సు డిపోలో వైరింగు పని చేసింది.

కిందటేడు బాలా చెరువు పక్క రోడ్డు మీద, నడుపుతూ ఉండగానే అతనికి పక్షవాతం వచ్చింది. ఏదో చెబుతూ మాట మధ్యలో ఆగిపోయాడు. బండి మెల్లగా నీళ్ళవైపు జారుతుంటే ఎయిర్లిస్ పక్కసీట్లోంచి ఎగబడి స్టీరింగు లాగింది, చేతిబ్రేకు వేసింది. అంతే. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజునుంచీ అతను కుర్చీలో కాస్త పక్కకి ఒరిగినా ఆమె గుండె ఆగినంత పనయ్యేది.

ఇద్వల్ చాలామట్టుకు కోలుకున్నాడు. కుడి అరచేత్తో స్టీరింగు ఆనించి పట్టుకోగలడు కానీ, ఆ వేళ్ళతో చిన్న వస్తువేదీ పట్టి లాగలేడు. పరీక్షించిన వాళ్ళు మళ్ళీ బండి నడపవచ్చన్నారు, ఒక్క షరతు మీద. స్టీరింగు కింద కుడివైపున్న ఇండికేటర్ లివరు, దాని కొసనున్న హారన్ బొత్తాముతో సహా, ఎడమవైపుకి మార్చాలి. అక్కడ దాన్ని బిగించి ఉంచడానికే గెథిన్ క్లాంపు. ఎయిర్లిస్‌కి అదొక పనే కాదు. అందుకే ఆమెకి భయం. ఆ పని పూర్తయిన రోజున అతను బండెక్కుతాడు.

ఒకరోజు గెథిన్ కంచె మరమ్మతుకి మేకులు అడగడానికి వచ్చాడు. వాకిట్లో ఉన్న ఇద్వల్‌ని చూసి, "ఏంటన్నా, బండి ఇంకా బయటికి తియ్యలేదు? నా క్లాంపు సరిపోలేదా ఏంటి? అక్క ఏమీ చెప్పలేదే!" అన్నాడు.

షెడ్డులో ఉన్న ఎయిర్లిస్‌కి ఆ మాటలు వినపడ్డాయి. చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గెథిన్ వెళ్ళాక ఇద్వల్ లోపలికొచ్చి వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు. అరుస్తాడేమో అనుకుంది. అరవలేదు.

"ఎక్కడ పెట్టావు?"

ఆమె డబ్బాల వెనకనుంచి గుడ్డమూట తీసి అతని ఒళ్ళో పెట్టింది.

"భయమేస్తోందని నాతో చెప్పచ్చు కదే. పాపం ఆ గెథిన్ మీద పెట్టడం దేనికి?"

"చెప్తే మానేస్తావా?"

"మానను."

"మరింకెందుకు చెప్పడం! రాత్రి పక్కన నీ గురక ఆగితే చాలు, ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తున్నాను తెలుసా?"

"తెలుసు. నీ చేతికి గ్రీజు కంపు."

ఆమెకి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఇద్వల్ క్లాంపుని ఎడమచేత్తో తిప్పి చూస్తూ, "నాకూ భయంగానే ఉంది," అన్నాడు మెల్లగా. "అయినా ఒక్కసారి నడిపి చూడాలి. చేతకాకపోతే నేనే దిగిపోతాను. నువ్వు దింపావని మాత్రం అనిపించుకోకు."

ఆ మధ్యాహ్నమే ఆమె పని మొదలుపెట్టింది. లివరు ఊడదీసి ఎడమవైపు బిగిస్తే కిందా మీదా తారుమారవుతాయి కాబట్టి వైర్లు మార్చి కలిపింది. ఇద్వల్ టార్చి పట్టుకున్నాడు. అతను లివరు నొక్కితే ఆమె వెనక్కి పరిగెత్తి దీపాలు చూసింది. ఎడమంటే ఎడమ, కుడంటే కుడి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మర్నాడు సముద్రం వైపు బయల్దేరారు.

మొదట్లో అంతా బాగానే సాగింది. ఎయిర్లిస్ రోడ్డు చూడలేదు. అతని నోటి చివర చూసింది, కనురెప్ప చూసింది, కుడిచెయ్యి చూసింది. "మాట్లాడుతూ ఉండు," అంది.

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. ఆపకు."

అతను ట్యాంకరు రోజుల గొడవేదో ఎత్తుకున్నాడు. కొండ దిగుడులో మలుపు దగ్గర ఎడమచేత్తో లివరు నొక్కాడు. కటక్కుమని శబ్దమైంది. లివరు క్లాంపుతో సహా గిర్రున కిందికి తిరిగిపోయింది, హారన్ ఒక్కసారిగా మోగడం మొదలెట్టింది. ఆగలేదు. ఇద్వల్ మాట ఆగిపోయింది.

ఎయిర్లిస్‌కి బాలా చెరువే కళ్ళముందు నిలిచింది. చెయ్యి దానంతటదే స్టీరింగు మీదికి వెళ్ళింది.

"ముట్టుకోకు!" అన్నాడు ఇద్వల్.

రోడ్డు మీదున్న గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. ఎదురుగా ట్రాక్టరు. ఇద్వల్ గేరు తగ్గించి, కుడి అరచెయ్యి చక్రానికి అదిమిపెట్టి, ట్రాక్టరుకి దారిచ్చి, రోడ్డు వారనున్న ఖాళీజాగాలోకి బండిని మెల్లగా తీసుకెళ్ళి నిలిపాడు. ఇంజను ఆపాడు. హారన్ ఇంకా అరుస్తూనే ఉంది. ఎయిర్లిస్ దూకి ముందు మూత తెరిచి బ్యాటరీ వైరు పీకేసింది.

తిరిగొచ్చి స్టీరింగు కింద తల పెట్టి చూసింది. రెండు మరల్లో ఒకటి అసలు బిగించనేలేదు. లివరు తిరిగినప్పుడు హారన్ వైరు నలిగి ఇనుముకి తగిలింది. తన పనే. ముప్ఫై ఏళ్ళ పనిలో ఏనాడూ చెయ్యని పొరపాటు.

"ఇద్వల్, నేను కావాలని చెయ్యలేదు," అంది. అని, అది నిజమో కాదో తనకే తెలియక ఏడ్చేసింది.

"ఎవరన్నారు?" అతను జేబురుమాలు తీసిచ్చాడు. "ఇన్నాళ్ళూ నా చెయ్యి చూసి నువ్వు భయపడ్డావు. ఇవాళ నీ చెయ్యి చూసి నేను భయపడ్డాను. సరిపోయింది. బిగించు."

ఆమె నలిగినచోట టేపు చుట్టి, మరలు రెండూ బిగించి, మళ్ళీ ఒకసారి బిగించింది. వెళ్ళి బ్యాటరీ వైరు తగిలించి వచ్చింది. ఇద్వల్ సీట్లో కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో పిసుక్కుంటున్నాడు.

"సముద్రం దాకా నావల్ల కాదులే," అన్నాడు చివరికి. "చెయ్యి లాగేస్తోంది. ఇక్కణ్ణుంచి నువ్వు పోనియ్యి."

అతను ఆ బండి నడపడానికి ఆమెకి ఇవ్వడం అదే మొదటిసారి. ఎయిర్లిస్ సీటు ముందుకి జరుపుకుని బయల్దేరింది. మలుపు రాగానే, ఇన్నేళ్ళూ అతను నడపడం చూసిన అలవాటు కొద్దీ ఆమె వేళ్ళు కుడివైపు గాలిలో తడుముకున్నాయి.

"ఎడమవైపే తల్లీ, ఎడమవైపు!" అన్నాడు ఇద్వల్, రెండు చేతులా సీటు పట్టుకుని.